లౌకిక రాజ్యంలో మైనారిటీ విశ్వవిద్యాలయం: స్థాపించినదెవరు?

"విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అనే నినాదం తెలియని విద్యార్థి ఈ నగరంలో ఉండడు. 1966లో ఇక్కడి వీధులలో మారుమ్రోగిన ఆ నినాదంలో "ఉక్కు"కు తోడైన "హక్కు" అరబ్బీ పదం. అది పారశీకం, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చింది. వచ్చిన తర్వాత పరాయి పదంగా మిగిలిపోలేదు. దస్తావేజులలో, కోర్టు కాగితాలలో, రైతుల మాటలలో స్థిరపడి, చివరకు ఆంధ్రుల ఆత్మగౌరవ నినాదానికే అంత్యప్రాస అయింది. ఈ వ్యాసం అటువంటి హక్కు ఒకదానిని గురించినది.

గత సంవత్సరం తరగతిలో రాజ్యాంగాన్ని గూర్చిన ఒక పాఠ్యభాగం చెబుతూ ఉండగా, వెనుక వరుసలోని ఒక విద్యార్థి లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, మనది లౌకిక రాజ్యం అంటున్నారు. అందులో ముస్లిం విశ్వవిద్యాలయం ఉండటం ఎలా కుదురుతుందండీ?" అని అడిగాడు. అతడు హిందువు. తండ్రి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. ప్రశ్నలో ఎకసెక్కెం లేదు, నిజంగానే తెలుసుకోవాలన్న కోరిక ఉంది. ముందు వరుసలోని ముస్లిం విద్యార్థులు నా ముఖం వంక చూశారు. వారికీ సమాధానం తెలియదని నాకప్పుడు అర్థమైంది. గంట మ్రోగటంతో ఆనాడు నేను చెప్పవలసినదంతా చెప్పలేకపోయాను. ఆ మిగిలిన సమాధానమే ఈ వ్యాసం.

రాజ్యాంగం చెప్పిన మాట

"లౌకిక" అన్న విశేషణం మన రాజ్యాంగ ప్రవేశికలో 1976లో నలభై రెండవ సవరణ ద్వారా చేరింది. కాని లౌకిక భావం 1950 నుండి రాజ్యాంగ శరీరంలోనే ఉన్నది. రాజ్యానికి మతం లేదన్నది ఆ భావంలో ఒక భాగం మాత్రమే. ప్రజలకు మతం, భాష, సంస్కృతి ఉండవచ్చుననీ, వాటిని నిలుపుకొనే స్వేచ్ఛ చిన్న సమూహాలకు సైతం ఉండాలనీ చెప్పేది రెండవ భాగం. ముప్ఫయ్యవ అధికరణం మొదటి ఖండం ఆ రెండవ భాగానికి చెందినది. మతాన్నిబట్టి గాని, భాషనుబట్టి గాని అల్పసంఖ్యాకులైన వారందరికీ తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకొనే హక్కు ఉన్నదని అది ప్రకటించింది. సహాయధనం ఇచ్చే విషయంలో అటువంటి సంస్థల పట్ల ప్రభుత్వం వివక్ష చూపరాదని రెండవ ఖండం శాసించింది.

ఇందులో "భాషనుబట్టి" అన్న మాటను విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. ఈ అధికరణం ముస్లింల కోసమో, క్రైస్తవుల కోసమో మాత్రమే వ్రాసినది కాదు. మద్రాసు నగరంలోని తెలుగువాడు, బరంపురంలోని తెలుగువాడు భాషా మైనారిటీలు. వారు తమ పిల్లలకోసం కళాశాల స్థాపించుకొంటే వారిని కాపాడేదీ ఈ అధికరణమే. పంజాబు రాష్ట్రంలో హిందువులు అల్పసంఖ్యాకులు కనుక, అక్కడి ఆర్యసమాజపు డి.ఏ.వి. కళాశాలలకు ఈ రక్షణ వర్తిస్తుందని సుప్రీం కోర్టు 1971లో తీర్పు చెప్పింది. ఎవరు అల్పసంఖ్యాకులన్నది రాష్ట్రాన్ని ప్రమాణంగా తీసుకొని నిర్ణయించాలని 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టం చేసింది. ఈనాడు ఒకచోట అధికసంఖ్యాకుడైనవాడు రేపు మరొకచోట అల్పసంఖ్యాకుడు కావచ్చు. అందువల్ల ఈ హక్కు ఒక వర్గానికి ఇచ్చిన కానుక కాదు, పౌరులందరికీ అవసరమైన పూచీ.

అయితే ఆ అధికరణంలో రెండు క్రియలున్నాయి: స్థాపించుట, నిర్వహించుట. నిర్వహించే హక్కు కావాలంటే స్థాపించినవారై ఉండాలి. వివాదమంతా ఈ మొదటి క్రియ చుట్టూ తిరిగింది.

అలీగఢ్ కథ

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో అలీగఢ్‌లో ఒక పాఠశాలను ప్రారంభించాడు. 1877లో అది మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాల అయింది. 1857 అనంతరం ఆంగ్లవిద్యకు దూరంగా ఉండిపోయిన ముస్లింలను ఆధునిక శాస్త్రాల వైపు మళ్ళించటం ఆయన ఆశయం. దానికి ఛాందసుల నుండి ఎంతో నిందను భరించాడు. చందాలకోసం ఊరూరా తిరిగాడు. ఇచ్చినవారిలో హిందూ రాజులూ ఉన్నారు, హైదరాబాదు సంస్థానమూ ఉన్నది. కళాశాలలో హిందూ విద్యార్థులు మొదటినుండీ చదివారు.

1898లో ఆయన మరణించిన తర్వాత కళాశాలను విశ్వవిద్యాలయంగా మార్చాలన్న ఉద్యమం బలపడింది. ముప్ఫయి లక్షల రూపాయల నిధి చూపితేగాని కుదరదన్నది ప్రభుత్వం. ఆ సొమ్ము సమకూడింది. 1920లో కేంద్ర శాసనసభ అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ చట్టాన్ని చేసింది. కళాశాల ఆస్తులు, వసూలైన నిధులు కొత్త విశ్వవిద్యాలయానికి సంక్రమించాయి. ఏ మతంవారైనా చదువుకోవచ్చునని ఆ చట్టంలోనే ఉన్నది. కాని విశ్వవిద్యాలయపు అత్యున్నత పాలకమండలి అయిన "కోర్టు"లో సభ్యత్వం ముస్లింలకే పరిమితం. తొలి కులపతి భోపాల్ బేగం సుల్తాన్ జహాన్. ఒక స్త్రీ ఆ పీఠాన్ని అలంకరించినదన్న సంగతిని మన విద్యార్థినులు గుర్తుంచుకోవాలి.

అదే 1920లో అదే అలీగఢ్‌లో మరొక సంఘటన జరిగింది. ఆంగ్ల ప్రభుత్వపు సహాయమూ వద్దు, అజమాయిషీ వద్దు అన్న జాతీయవాదులు బయటకు వచ్చి జామియా మిల్లియా ఇస్లామియాను నెలకొల్పారు. ఈ రెండు సంస్థల వేర్వేరు దారులు తర్వాతి వాదోపవాదాలలో మళ్ళీ మళ్ళీ ప్రస్తావనకు వచ్చాయి.

1967 నాటి తీర్పు

స్వాతంత్ర్యానంతరం 1951లో ఆ చట్టాన్ని సవరించి, పాలకమండలిలో ముస్లిమేతరులకూ చోటు కల్పించారు. మతబోధను నిర్బంధం చేసే అధికారాన్ని తొలగించారు. 1965 సవరణ పాలకమండలి అధికారాలను బాగా కుదించింది. ఈ సవరణలను సవాలు చేస్తూ అజీజ్ బాషా, మరికొందరు సుప్రీం కోర్టుకు వెళ్ళారు. 1967 అక్టోబరులో ప్రధాన న్యాయమూర్తి వాంఛూ అధ్యక్షతన గల ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వారి వాదాన్ని త్రోసిపుచ్చింది.

ఆ తీర్పులోని తర్కం ఇది. ప్రభుత్వం గుర్తించే పట్టాలను ప్రసాదించగల విశ్వవిద్యాలయం శాసనం ద్వారా మాత్రమే ఏర్పడుతుంది. అలీగఢ్ విశ్వవిద్యాలయం 1920 శాసనం ద్వారా ఏర్పడింది. శాసనం చేసినది శాసనసభ. కాబట్టి దానిని స్థాపించినది శాసనసభే గాని ముస్లింలు కాదు. స్థాపించనివారికి నిర్వహించే హక్కు లేదు.

పైకి చూస్తే ఈ తర్కం చక్కగానే ఉన్నది. కాని దీని పర్యవసానాన్ని ఆలోచించండి. 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం చట్టం ప్రకారం కూడా, శాసనం లేకుండా ఎవరూ తమకై తాము విశ్వవిద్యాలయమై పట్టాలు ఇవ్వలేరు. శాసనం లేనిదే విశ్వవిద్యాలయం లేదు. శాసనం ఉంటే అది మైనారిటీలది కాదు. అప్పుడు "నచ్చిన విద్యాసంస్థ" అన్న రాజ్యాంగ వాక్యం కళాశాల గడపదగ్గరే ఆగిపోతుంది.

తరగతిలో ఈ సంగతిని ఒక ఉపమానంతో చెప్పాను. మన ఇళ్ళలో నిఖాను ఖాజీ చదివిస్తాడు, దఫ్తరులో వ్రాస్తాడు. ఆ వ్రాత లేనిదే చట్టం ముందు రుజువు చూపటం కష్టం. అంత మాత్రాన ఆ సంసారాన్ని నిలబెట్టినవాడు ఖాజీ అని ఎవరైనా అంటారా?

1981 నుండి 2024 వరకు

1981లో పార్లమెంటు చట్టాన్ని మళ్ళీ సవరించింది. విశ్వవిద్యాలయం అంటే భారతదేశపు ముస్లింలు స్థాపించుకొన్న, మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలగా ఆవిర్భవించిన సంస్థ అని నిర్వచించింది. ఆ బలంతో విశ్వవిద్యాలయం 2005లో స్నాతకోత్తర వైద్యవిద్యలో సగం స్థానాలను ముస్లింలకు ప్రత్యేకించింది. అలహాబాదు హైకోర్టు దానిని కొట్టివేసింది. 1981 సవరణలోని ఆ నిర్వచనం కూడా చెల్లదని 2006 జనవరిలో అన్నది. అప్పీళ్ళు సుప్రీం కోర్టుకు వెళ్ళాయి. 2016లో కేంద్ర ప్రభుత్వం తన అప్పీలును ఉపసంహరించుకొన్నది. 2019లో ఈ ప్రశ్న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనానికి చేరింది.

2024 నవంబరు 8న తీర్పు వెలువడింది. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్‌తో సహా నలుగురు ఒకవైపు, ముగ్గురు మరొకవైపు. శాసనం ద్వారా ఏర్పడినదన్న ఒక్క కారణంతో ఒక సంస్థకు మైనారిటీ ప్రతిపత్తి లేదనరాదని అధికసంఖ్యాక తీర్పు చెప్పింది. ఆ మేరకు 1967 నాటి నిర్ణయం రద్దయింది. రాజ్యాంగానికి పూర్వం వెలసిన సంస్థలకు కూడా ఈ హక్కు వర్తిస్తుందన్నది. జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయినంత మాత్రాన మైనారిటీ స్వభావం పోదన్నది.

కాని అలీగఢ్ మైనారిటీ సంస్థ అని ఆ తీర్పు ప్రకటించలేదు. ఈ తేడాను చాలామంది గమనించలేదు. కొలబద్దలను మాత్రం నిర్దేశించి, వాటితో కొలిచి తేల్చే పనిని మరొక ధర్మాసనానికి వదిలింది. సంస్థను గూర్చిన ఆలోచన ఎవరిది? ప్రధానంగా ఎవరి మేలుకోసం పుట్టింది? భూమి, ధనం, శ్రమ ఎవరివి? ప్రభుత్వంతో వ్యవహారం నడిపినదెవరు? పాలనావ్యవస్థ ఆ మైనారిటీ స్వభావానికి తగినట్లున్నదా? ఈ ప్రశ్నలకు పాత ఉత్తరాలు, తీర్మానాలు, లెక్కల పుస్తకాలు సమాధానం చెప్పాలి.

మన ప్రాంతంలో ఈ కొలబద్దలు

ఇవే ప్రశ్నలను మనకు దగ్గరి సంస్థలకు వేసి చూద్దాం. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని తీసుకోండి. 1913లో బాపట్లలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభ నాటి నుండి తెలుగువారిలో పెరుగుతూ వచ్చిన ఆకాంక్షల ఫలం అది. ఆలోచన ప్రజలది. కాని 1926లో దానిని ఏర్పరచినది మద్రాసు శాసనసభ చట్టం. జయపురం మహారాజా విక్రమదేవవర్మ వంటి దాతలు ఆదుకొన్నప్పటికీ, అంతకు ముందు నలభై ఏండ్లుగా ఒక సమూహం నడిపిన కళాశాల ఏదీ అందులో లీనమై విశ్వవిద్యాలయం కాలేదు. కట్టమంచి రామలింగారెడ్డి గారు తొలి ఉపాధ్యక్షులుగా దానిని పునాది నుండి నిర్మించవలసి వచ్చింది. అందుకే అది ప్రజలు సాధించుకొన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం. ఉక్కు కర్మాగారమూ అంతే. ప్రజలు ప్రాణాలిచ్చి సాధించారు, కేంద్ర ప్రభుత్వం నిర్మించింది. సాధించటం వేరు, స్థాపించటం వేరు. అలీగఢ్ విషయంలో 1875 నుండి 1920 వరకు నడిచిన నలభై ఐదేండ్ల చరిత్ర ఈ రెండింటి నడుమ ఎటువైపు మొగ్గుతుందన్నదే తేలవలసిన అంశం.

పేరునుబట్టి కూడా మోసపోరాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం నిజాము పేరు మోస్తున్నది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఆరంభమైంది. అయినా అది ఒక సంస్థానాధీశుడు తన రాజ్యానికి ఏర్పరచిన విశ్వవిద్యాలయం. అల్పసంఖ్యాకులు స్థాపించుకొన్నది కాదు. హైదరాబాదులో 1998లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉర్దూ భాషాభివృద్ధికై పార్లమెంటు నెలకొల్పినది. 2016 చట్టంతో కర్నూలులో వెలసిన డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం రాష్ట్ర ప్రభుత్వానిది. అయితే ఆ డాక్టర్ అబ్దుల్ హక్ గారి కృషితో 1947లో అదే కర్నూలులో వెలసిన ఉస్మానియా కళాశాల సంగతి వేరు. అది సమాజం పూనుకొని నిలబెట్టుకొన్న విద్యాలయం. పేరు ఒకటే అయినా పుట్టుక వేరు. రాజ్యాంగం చూసేది పుట్టుకను.

ఎదుటివారి వాదన

న్యాయంగా ఆలోచించేవాడు ఎదుటివారి వాదాన్ని దాని పూర్తి బలంతో చెప్పగలగాలి. అలీగఢ్ విషయంలో రెండు గట్టి వాదాలున్నాయి.

మొదటిది చారిత్రకమైనది. 1920లో అలీగఢ్ పెద్దలు ప్రభుత్వ గుర్తింపుకోసం ప్రభుత్వపు అజమాయిషీని తెలిసే అంగీకరించారు. అంగీకరించనివారు జామియాను పెట్టుకొన్నారు. వదులుకొన్నదానిని ఇప్పుడెట్లా అడుగుతారని ప్రశ్న. దీనికొక సమాధానం ఉన్నది. పరాయి పాలనలో బలవంతునితో చేసుకొన్న ఒప్పందాన్ని హక్కును త్యజించటంగా లెక్కించవచ్చునా? ఆ జామియా సైతం 1988లో పార్లమెంటు చట్టంతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. 2011లో జాతీయ మైనారిటీ విద్యాసంస్థల సంఘం దానిని మైనారిటీ సంస్థగా ప్రకటించింది. అంటే శాసనం కలిసినా పుట్టుక చెరగదని ఆ సంఘం తలచిందన్నమాట.

రెండవ వాదం ఇంతకంటె బరువైనది. 2005లో తొంభై మూడవ సవరణ ద్వారా వచ్చిన పదిహేనవ అధికరణం ఐదవ ఖండం ప్రకారం మైనారిటీ సంస్థలలో షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లు తప్పనిసరి కావు. కేంద్ర ప్రభుత్వ ధనంతో నడిచే ఒక మహావిద్యాలయంలో దళిత విద్యార్థికి ఆ అవకాశం లేకపోవటం ఏమి న్యాయమని అడుగుతున్నారు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేసేవాడు సామాజిక న్యాయాన్ని గురించి మాట్లాడే అర్హతను కోల్పోతాడు. నా దృష్టిలో దీనికి సరైన సమాధానం కోర్టులో లేదు, ఆచరణలో ఉన్నది. చట్టం నిర్బంధించకపోయినా, తనకంటె వెనుకబడినవానికి చోటిమ్మని ఏ మైనారిటీ సంస్థనైనా దాని మనస్సాక్షి నిర్బంధించాలి. రక్షణ కోరేవాడు రక్షణ ఇవ్వటం కూడా నేర్చుకోవాలి.

హక్కు వెంట బాధ్యత

ఇక్కడ మన కళాశాల పాలకవర్గ పెద్దలకు కూడా వినయపూర్వకంగా ఒక మాట మనవి చేసుకొంటాను. మైనారిటీ ప్రతిపత్తి మీద సుప్రీం కోర్టు చేసిన ఒక గట్టి హెచ్చరిక మన రాష్ట్రపు కేసులోనే వచ్చింది. 1986లో ఆంధ్రప్రదేశ్ క్రిస్టియన్ మెడికల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో, మన తెలుగువారైన న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి గారు తీర్పు వ్రాశారు. మైనారిటీ అన్నది ముసుగు కారాదని, ఆ ముసుగును తొలగించి లోపలి నిజాన్ని పరిశీలించే అధికారం ప్రభుత్వానికి, విశ్వవిద్యాలయానికి, చివరకు న్యాయస్థానానికి ఉన్నదని ఆ తీర్పు సారం. అంతకు ముందే 1958లో, కేరళ విద్యాబిల్లు మీద అభిప్రాయం చెబుతూ, నిర్వహించే హక్కులో చెడగా నిర్వహించే హక్కు ఇమిడి లేదని కోర్టు అన్నది.

అంటే "మైనారిటీ" అన్న మాట గోడమీది బోర్డులో ఉంటే చాలదు. లెక్కల పుస్తకంలో కనిపించాలి. నియామకాలలో, గ్రంథాలయంలో, పేద విద్యార్థికి ఇచ్చే రాయితీలో కనిపించాలి. తనిఖీకి వచ్చే అధికారిని చూసి భయపడే సంస్థకు రాజ్యాంగం గొడుగు పట్టదు.

మరి ఈ హక్కు వలన నిజంగా ఎవరికి మేలు? నాకు తెలిసిన ఒక విద్యార్థిని ఉన్నది. పాతపట్టణం దాటి కూతురిని పంపటానికి ఇష్టపడని తండ్రి, "మనవాళ్ళ కళాశాల" అన్న ఒక్క మాటతో మెత్తబడ్డాడు. ఆమె తరగతిలో పక్కన కూర్చున్నవారు హిందువులు, క్రైస్తవులు. మూడేండ్ల తర్వాత పై చదువుకు ఆమె ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరింది. అప్పుడా తండ్రి అభ్యంతరం చెప్పలేదు. మైనారిటీ విద్యాసంస్థ అంటే నా ఉద్దేశంలో ఇదే. అది లోకాన్ని బయట ఆపే ప్రహరీగోడ కాకూడదు. వెనుకబడి నిలిచిపోయినవారిని లోకంలోకి నడిపించే గుమ్మం కావాలి. సర్ సయ్యద్ ఆశయమూ అదే కదా.

మన నౌకాశ్రయపు ముఖద్వారం దగ్గర మూడు కొండలమీద వేంకటేశ్వరస్వామి గుడి, రాస్ హిల్ చర్చి, ఇషాక్ మదీనా దర్గా ఉన్నాయి. రేవులోకి వచ్చే ఓడ మూడింటి ముందు నుండీ వస్తుంది. ఆ కొండలను చదును చేసి ఒకే మైదానం చేస్తేనే లౌకికత్వమని మన నగరంలో ఎవరూ అనలేదు. రేవు మాత్రం అందరిదిగా ఉండాలి. దానిమీద ఏ కొండకూ ప్రత్యేకమైన పెత్తనం ఉండరాదు.

వెనుక వరుసలోని విద్యార్థీ, నీ ప్రశ్నకు నా సమాధానం ఇది. లౌకిక రాజ్యంలో ముస్లిం విశ్వవిద్యాలయం ఉండవచ్చు. తెలుగువారి కళాశాల మద్రాసులో ఉండవచ్చు, హిందువుల కళాశాల పంజాబులో ఉండవచ్చు. అలీగఢ్ అటువంటిదా కాదా అన్నది చరిత్ర పత్రాలను పరిశీలించి న్యాయస్థానం తేల్చవలసిన విషయం. మనం చదువుతున్న ఈ కళాశాల ఆ పేరుకు తగినదా కాదా అన్నది మాత్రం ఏ న్యాయస్థానమూ తేల్చనక్కరలేదు. మనతో కలిసి కూర్చుని చదువుకొన్నవాడివి కనుక, ఆ తీర్పు నువ్వే చెప్పగలవు. నువ్వు ఇక్కడినుండి పట్టా పుచ్చుకొని వెళ్ళేనాడు ఏమని చెబుతావో దానికి మేమందరం, పాలకవర్గమూ అధ్యాపకులమూ, జవాబుదారులం.